ఒత్తు ఉందండీ

రాయి మీది పేర్లు చదువుతున్న మనిషి మూడోసారి మళ్ళీ మొదటికొచ్చాడు. మేస్త్రి ఉలికి పదును పెడుతూ ఓరకంట చూస్తూనే ఉన్నాడు. మిల్లు గేటు దగ్గర నిలబెట్టే రాయి ఈ షెడ్డులో తయారవుతోందని తెలిసినప్పటి నుంచీ రోజుకు నలుగురైదుగురు వస్తున్నారు. తమవాళ్ళ పేరు వెతుక్కుంటారు, దాని మీద వేలు రాస్తారు, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతారు. ఈయన వేలు మాత్రం ఎక్కడా ఆగలేదు.

రాయి రెండు దుంగల మీద వెల్లకిలా ఉంది. ఆరడుగుల నల్లరాయి, ముఖం కనబడేంత మెరుగు పెట్టినది. నిరుడు మిల్లు గిడ్డంగి కప్పు కూలినప్పుడు దాని కింద పోయిన నలభై ఒక్కమంది పేర్లు మూడు నిలువు వరసల్లో చెక్కి ఉన్నాయి. ఇంటిపేర్లు లేవు. చోటు చాలదని కాంట్రాక్టరు వద్దన్నాడు. మేస్త్రి భార్య చిన్న పీట మీద కూర్చుని సన్నటి కుంచెతో అక్షరాల్లో తెల్లరంగు నింపుతోంది. గీత దాటిన రంగును చీర కొంగుతో కాక, ఎడమచేతి చిటికెనవేలి గోటితో తుడవడం ఆమెకు అలవాటు.

"ఎవరి పేరయ్యా కావాలి?" అన్నాడు మేస్త్రి.

"మావాడిదండి. కనబడ్డం లేదు."

"పేరేంటి?"

ఆయన చెప్పాడు. మూడక్షరాల పేరు. మేస్త్రి లేచి వచ్చి ఉలి మొనతోనే చూపించాడు.

"అదిగో, అక్కడుంది. ఇదిగో, ఇక్కడ. ఒకటి కాదు, ఆరున్నాయి. ఆ పేరు పెట్టుకోని ఇల్లుందా ఈ ఊళ్ళో? నా చెయ్యి కళ్ళు మూసుకుని చెక్కేస్తుంది దాన్ని."

"అది మావాడి పేరు కాదండి." ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అది నా పేరు. మావాడి పేరులో మధ్య అక్షరం కింద ఒత్తు ఉందండి."

మేస్త్రి భార్య కుంచె ఆగింది. మేస్త్రి ఆయన్ని అప్పుడు సరిగ్గా చూశాడు. యాభై ఏళ్ళుంటాయి. వేసుకున్నది పాత చొక్కాయే గానీ ఎక్కడా మడత నలగలేదు. కుడి మణికట్టు మీద కాలిన మచ్చలు, కొత్తవీ పాతవీ. రైలుగేటు దాటాక చక్రాల బండి మీద ఇస్త్రీ చేసే ఆయన.

"ఒత్తుతో ఆ పేరేంటయ్యా? నేనెక్కడా వినలేదే."

"ఎక్కడా లేదండి. మా బళ్ళో నా పేరు వాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం. ఒకడు పొడుగోడు, ఒకడు నల్లోడు, ఒకడు కళ్ళద్దాలోడు. నాకు ఏ గుర్తూ లేదు. అందుకని నన్ను 'ఇంకోడు' అనేవాళ్ళు. బడి మానేసేదాకా నేను ఇంకోణ్ణే." ఆయన రాయి మీదినుంచి చూపు తిప్పలేదు. "మా పనిలో ప్రతి ఇంటి బట్టకీ మెడపట్టీ లోపల దారంతో గుర్తు వేస్తామండి. ఒకరింటికి రెండు చుక్కలు, ఒకరింటికి అడ్డగీత. ఏ రెండిళ్ళకీ ఒకటే గుర్తు పెట్టం. పెడితే బట్టలు కలిసిపోతాయి. వాడు పుట్టినప్పుడు అదే అనుకున్నాను. నా పేరే తీసుకుని మధ్యలో ఒత్తు పెట్టాను. పిలిస్తే ఒక్కడే తిరిగి చూడాలని."

మేస్త్రికి ఎక్కడో కలుక్కుమంది. కానీ నోరు మాత్రం ముప్ఫై ఏళ్ళుగా అలవాటైన మాటే అనేసింది.

"నేను లిస్టులో ఉన్నది ఉన్నట్టు చెక్కానయ్యా. తప్పంటూ జరిగితే ఆఫీసులోనే జరిగుంటుంది. వెళ్ళి వాళ్ళని అడుగు."

"శుక్రవారమే కదండీ తెర తీసేది?"

"అవును. రేపు మధ్యాహ్నం రాయి వెళ్ళిపోతుంది."

ఆయన తలూపాడు. వెళ్ళేముందు మూడో వరసలో, కింద నుంచి నాలుగో పేరు దగ్గర వంగాడు. ఆరింటిలో అదొక్కటే తనవాడి చోటని ఎలా పోల్చుకున్నాడో మరి. పక్కన పనిచేసినవాళ్ళ పేర్లు పక్కపక్కనే వేశారని ఎవరైనా చెప్పి ఉంటారు. మధ్య అక్షరం కింద ఖాళీని బొటనవేలితో ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా మేస్త్రి భార్య అటే చూసింది. తర్వాత లేచి, రంగు డబ్బా కింద పరిచిన కాగితాల్లోంచి ఒకదాన్ని లాగింది. దాని మీద రంగు మరకలు పడ్డాయి గానీ టైపు అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి.

"ఇటు చూడండి."

మేస్త్రి చూడకుండానే గుర్తుపట్టాడు. తప్పులు లేని రాయి కావాలంటే ఇతని దగ్గరికే రావాలని ఊళ్ళో పేరు. లిస్టు చేతికి రాగానే ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుంటాడు. ఈ లిస్టులో కూడా నాలుగు తప్పులు పట్టాడు. ఒక దీర్ఘం పోయింది, ఒక సున్నా ఎక్కువైంది, ఒక పేరులో అక్షరాలు తారుమారయ్యాయి. నాలుగోది మూడో వరసలో ఉంది. టైపు చేసిన పిల్ల వేలు జారి ఒత్తు పడిందనుకున్నాడు. దాని మీద చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు. ఎర్రగా, పొందికగా.

"వాళ్ళు సరిగ్గానే రాశారు," అంది ఆమె.

"ఇప్పుడేం చెయ్యమంటావు? రాయిని చెరిపి రాయమంటావా?"

"ఆయనతో అలా ఎందుకన్నారు?"

మేస్త్రి ఉలి తీసుకుని ఇంతకుముందే పదును పెట్టిన మొనను మళ్ళీ పదును పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం ఇస్త్రీ ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఒక కాగితం, దాని మీద ఆఫీసు ముద్ర.

మేస్త్రి పొద్దున్నుంచీ ఆ పేరు దగ్గరే ఉన్నాడు. ఒత్తుకు చోటు ఉందేమోనని దారం పెట్టి కొలిచాడు, కాగితం పెట్టి గీశాడు. మామూలుగా అయితే ప్రతి పేరు కిందా ఒత్తుకు చాలినంత ఎడం వదులుతాడు. కానీ ఇక్కడ ఒత్తు లేదు కదా అని, అందం కోసం, కింది పేరులో అక్షరం మీది గుడిని ఆ ఖాళీలోకి ఎత్తుగా లాగాడు. ఇప్పుడు పై అక్షరానికీ ఆ గుడికీ మధ్య మిగిలింది గోరు మందం. అంతలో ఉలి దింపితే పెచ్చు లేస్తుంది. లేస్తే పై పేరుతోబాటు కింది పేరూ పోతుంది.

"ఆఫీసు వాళ్ళు సరిగ్గానే రాశారండి," అన్నాడు ఇస్త్రీ ఆయన కాగితం చూపిస్తూ. "నకలు ఇచ్చారు. మరి మధ్యలో ఎక్కడ పోయిందో."

ఆ గొంతులో నింద లేదు. అదే మేస్త్రిని చంపింది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు మాటలనేవాడు.

"అక్కడి అమ్మాయి మంచిదండి. కంప్యూటర్లో కొట్టి చూసింది. నా పేరు కొడితే నాలుగువేల చిల్లర మంది వచ్చారు. మావాడి పేరు కొడితే ఒక్కటే వచ్చింది. దాని పక్కన మరణించినట్టు రాసుంది. అంటే ఇప్పుడు ఆ పేరుతో ఎవరూ లేరన్నమాట అని తనే అని, తర్వాత పాపం, సారీ అంకుల్ అంది."

మేస్త్రి భార్య ఆయనకు పీట వేసి మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"వాడు నన్ను తిట్టుకునేవాడమ్మా ఈ పేరు పెట్టినందుకు. బళ్ళో, బ్యాంకులో, ఎక్కడికెళ్ళినా ముందు ఒత్తు తీసేసేవాళ్ళు. వీడు కౌంటర్లోకి తల పెట్టి 'ఒత్తు ఉందండీ' అనాలి. అమ్మా అన్న మాట తర్వాత వాడు ఎక్కువసార్లు అన్న మాట అదే అయ్యుంటుంది. మిల్లులో చేరినరోజు కూడా గుర్తింపు కార్డు మార్పించుకుని వచ్చాడు. నాన్నా, నాకు పిల్లాడు పుడితే వాడికి నీ పేరే పెడతాను, హాయిగా నలుగురిలో ఒకడిగా ఉంటాడు అనేవాడు."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఆ రోజు మట్టి దిబ్బ దగ్గర అందరం పేర్లు పెట్టి అరిచామండి. నా పేరుతో అయిదుగురున్నారు కదా లోపల. అయిదిళ్ళవాళ్ళూ ఆ పేరే అరుస్తున్నారు. ఎవరు అరిచినా నేను తిరిగి చూశాను. అలవాటు. నన్నే పిలుస్తున్నారని. మావాడి పేరు నేనొక్కణ్ణే అరిచాను. వాడు పలికితే వాడే అని తెలిసిపోతుంది కదా, వేరేవాళ్ళతో కలిసిపోడు కదా అని ధైర్యంగా ఉండింది." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పలకలేదు. అది వేరే సంగతి."

మేస్త్రి తల వంచుకుని రాయి మీద లేని దుమ్మును చేత్తో తుడుస్తున్నాడు. భార్య తనవైపే చూస్తోందని తెలుసు. కాగితం ఇంకా ఆమె జాకెట్లోనే ఉంది.

"నేనే తీసేశాను," అన్నాడు చివరికి. "తప్పనుకుని. ఎర్ర పెన్సిలుతో నేనే కొట్టేశాను. నిన్న నీతో అబద్ధం చెప్పాను."

ఇస్త్రీ ఆయన పీట మీంచి లేచాడు. కోప్పడతాడేమో, చెయ్యెత్తుతాడేమో అనుకున్నాడు మేస్త్రి. ఎత్తినా బాగుండుననుకున్నాడు.

"అందరూ అలాగే అనుకుంటారండి," అన్నాడు ఆయన. "పెట్టగలరా మళ్ళీ?"

మేస్త్రి జవాబు చెప్పేలోపే లారీ వచ్చి ఆగింది. కాంట్రాక్టరు ముందు సీట్లోంచే అరుస్తూ దిగాడు. వెనక నుంచి ఆరుగురు కూలీలు తాళ్ళు, గోనెసంచులు పట్టుకుని దూకారు.

"ఒక్కరోజు ఆపండి," అన్నాడు మేస్త్రి. "ఒక పేరులో ఒత్తు పోయింది. దిద్దాలి."

కాంట్రాక్టరు రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నలభై ఒకటీ ఉన్నాయా?"

"ఉన్నాయి గానీ..."

"లెక్క సరిపోయింది కదా, ఇంకేంటి? ఒత్తే కదయ్యా పోయింది, ప్రాణం పోయిందా?" అనేసి, పక్కనున్న మనిషి ముఖం చూసి కాస్త తగ్గాడు. "చూడు పెద్దాయనా, చదివేవాళ్ళకి అర్థమవుతుందిలే. ఒకరికి దిద్దితే రేపు పదిమంది వస్తారు, మాది అలా ఉంది ఇలా ఉంది అని. మేస్త్రీ, రాయి మీద ఇంక ఉలి పడితే మాత్రం నీకూ నాకూ చెల్లు. చెప్తున్నాను."

షెడ్డులోకి వచ్చే పనిలో సగానికి పైగా ఆ కాంట్రాక్టరు తెచ్చేదే. మేస్త్రి పక్కకు తప్పుకున్నాడు. కూలీలు ఊపిరి బిగించి రాయిని ఎత్తారు. ఇస్త్రీ ఆయన కూడా ఒక మూల పట్టుకున్నాడు. ఎవరూ పట్టమనలేదు. లారీ కదిలాక ఆ దుమ్ములో కాసేపు నిలబడి, ఏమీ అడక్కుండా రైలుగేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

*

గురువారం మేస్త్రి ఏ పనీ ముట్టుకోలేదు. రాయి గేటు దగ్గర నిలబెట్టారని, సిమెంటు పోశారని, గుడ్డ కప్పారని దారిన పోయేవాళ్ళు చెప్పారు. సాయంత్రం పగిలిన నల్లరాయి ముక్కొకటి దుంగకు ఆనించి నిలబెట్టి, గోరు మందం ఎడం గీసుకుని అందులో ఒత్తు దింపడానికి ప్రయత్నించాడు. మొదటిదానికి పెచ్చు లేచింది. రెండోదీ అంతే. ఏడోది నిలిచింది. ఎనిమిదోది మళ్ళీ లేచింది.

"ఎనిమిదింటికి ఒకటి," అన్నాడు భార్యతో.

ఆమె గోళ్ళకు పట్టిన రంగు గీక్కుంటూ, "పొద్దున్నే వెళ్ళండి," అంది. "ఆయన్ని కూడా పిలవండి."

శుక్రవారం తెల్లారగానే మేస్త్రీ, ఇస్త్రీ ఆయనా గేటు దగ్గరికి వెళ్ళారు. కుర్చీలు వేసేవాళ్ళు ఇంకా రాలేదు. వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. సంగతంతా విని, గుడ్డ ఎత్తి, మూడో వరసలోకి టార్చి వేసి చూశాడు.

"కింద పేరు మా బావది," అన్నాడు.

ఇంతమందిలో ఈ ఒక్కడే దొరకాలా, అనుకున్నాడు మేస్త్రి.

"మా బావ పేరుకి గీత పడిందో, మా అక్కకి నేనేం చెప్పుకోవాలి? వద్దు. వెళ్ళిపోండి."

మేస్త్రి ఏదో చెప్పబోయాడు. ఇస్త్రీ ఆయన ఆపాడు.

"నిజమే బాబూ. నీ మాటా నిజమే. మీ బావ నాకు తెలుసు. మీ ఇంటి బట్టలకి మూడు చుక్కలు. మావాడూ ఆయనా ఒకే టిఫిన్ పంచుకునేవాళ్ళు." ఆ పేరు వైపు చూశాడు. "మీ బావకేమన్నా అయ్యేలా ఉంటే నేనే వద్దంటాను. ఆపేస్తాడు మేస్త్రి. పోనీ, నువ్వే పక్కన నిలబడి చూడు."

వాచ్‌మన్ గేటు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. టార్చి ఆర్పలేదు.

"కానివ్వండి," అన్నాడు విసుగ్గా. "తొందరగా."

నిలబెట్టిన రాయి మీద పని చెయ్యడం వేరు. ఉలి బరువు రాయి మీద ఆనదు, మణికట్టు మీద ఆనుతుంది. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన దగ్గరున్న వాటిల్లోకెల్లా సన్నటి ఉలి తీసి, సుత్తి పక్కన పెట్టి, చిన్న కర్రముక్కతో మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. పొడి లేచి కంట్లో పడుతోంది. అప్పుడు చల్లగా నాలుగు చినుకులు రాయి మీద పడ్డాయి. ఇస్త్రీ ఆయన సీసాలోంచి అరచేతిలోకి నీళ్ళు వంపుకుని, బట్టల మీద జల్లినట్టు వేళ్ళతో జల్లుతున్నాడు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. పొడి అణిగింది.

ఒక తట్టు, ఒక చూపు. ఒక తట్టు, ఒక చూపు. ఒకచోట చిన్న చప్పుడు తేడాగా వినిపించింది. మేస్త్రి ఉలి తీసి వేలి కొసతో తడిమాడు. గుడి అంచు నిలిచే ఉంది.

"అయిందా?" అన్నాడు వాచ్‌మన్.

"ఇంకా కొంచెం తోక ఉంది."

తోక దింపడానికి అప్పటిదాకా చేసిన పనికి పట్టినంతసేపు పట్టింది. లేచేసరికి మేస్త్రి మోకాళ్ళు పట్టేశాయి. ఒత్తు చిన్నది, తక్కినవాటిలో సగం ఉంటుంది. రంగు తేవడం మర్చిపోయారు. తెల్లటి పేరు కింద బూడిదరంగు గీతలా ఉంది. అయినా ఒత్తే.

ఇస్త్రీ ఆయన దాన్ని బొటనవేలితో నిమిరాడు. వాచ్‌మన్ కూడా వంగి తన బావ పేరు మీద వేలు పెట్టి చూసుకుని, గుడ్డ దించేశాడు.

*

పది గంటలకు గేటు ముందు కుర్చీలన్నీ నిండాయి. తెల్లచొక్కా అధికారి వచ్చి తెర లాగాడు. ఒక్కొక్క పేరూ చదువుతాననీ, చదవగానే ఆ ఇంటివాళ్ళు వచ్చి రాయి పక్కన నిలబడాలనీ చెప్పాడు.

మేస్త్రి గుంపు చివర, కాంట్రాక్టరు పక్కన నిలబడ్డాడు. కాంట్రాక్టరు తెర తీయగానే రాయిని ఒక చూపు చూసి, ఫోను చూసుకోవడంలో పడ్డాడు. మొదటి వరస గడిచింది, రెండోది గడిచింది. ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడుస్తున్నారు. ఆ పేరు వచ్చినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు ఒకేసారి లేచి, మా వాడా మీ వాడా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తక్కినవాళ్ళు వెనక్కి తగ్గి కూర్చున్నారు. అలా నాలుగుసార్లు జరిగింది. అయిదోసారికి మిగిలిన ఇంటివాళ్ళు నేరుగా వెళ్ళి నిలబడ్డారు.

మూడో వరస చివరికొచ్చింది. అధికారి వేలు రాయి మీద జారుతూ వచ్చి ఆగింది. ఆయన ఆరోసారి ఆ పేరు చదివాడు, ఒత్తు లేకుండా.

ఈసారి ఎవరూ లేవలేదు. అయిదిళ్ళవాళ్ళూ అప్పటికే రాయి పక్కన నిలబడి ఉన్నారు. మేస్త్రి ఇస్త్రీ ఆయన కోసం చూశాడు. ఆయన నాలుగో వరస కుర్చీలో ఉన్నాడు. పేరు వినగానే తల తిప్పాడు, అలవాటు కొద్దీ. కానీ లేవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, నోరు తెరవబోయి, మూసేశాడు. ఇంతమందిలో తన కొడుకులా తల ముందుకు పెట్టి చెప్పడం ఆయనకు చేతకాలేదు.

"ఎవరూ రాలేదా?" అన్నాడు అధికారి. ఒక క్షణం ఆగి, వేలిని కింది పేరు మీదికి దించాడు.

"ఒత్తు ఉందండీ!"

అందరూ వెనక్కి తిరిగారు. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని మేస్త్రికే తెలియదు. కాంట్రాక్టరు ఫోను దించి అతని వైపు చూశాడు. తర్వాత రాయి వైపు చూశాడు. అర్థమైంది.

"రేపట్నుంచి నా పనికి రాకు," అన్నాడు పళ్ళ బిగువున.

మేస్త్రి వినలేదన్నట్టే ఉన్నాడు. "మధ్య అక్షరం కింద చూడండి సార్," అన్నాడు మళ్ళీ. "ఒత్తు ఉంది. నేనే చెక్కాను."

అధికారి కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. వేలితో తడిమాడు. వేలికి రాతిపొడి అంటుకుంది. పెదవులు కదుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. ఎప్పుడూ పలకని పేరు. ఒకసారి తడబడి ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మైకులో నెమ్మదిగా, పూర్తిగా చదివాడు.

కుర్చీల్లో ఒక్కరే లేచారు. ఇస్త్రీ ఆయన చొక్కా కింది అంచు లాగి సరిచేసుకుని, వరసల మధ్యలోంచి ముందుకు నడిచాడు. ఇందాక పిలిచింది ఆయన పేరు. ఇప్పుడు పిలిచింది ఆయన పేరు కాదు.